ఆలస్యానికి మూడే కారణాలు

ఆడపిల్లల చదువుకు ఈ వందేళ్ళలో జరిగిన అతి పెద్ద మేలు ఏమిటో తెలుసా? స్కూళ్ళు కట్టడమా? కాదు. పుస్తకాలు పంచడమా? అసలే కాదు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగకపోవడం!

మీరు సరిగ్గానే చదివారు. కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు.

ఈ మేలు చేసింది మనిషి కాదు, యంత్రం. కాథలిక్ సిస్టర్లు పెట్టిన ఆ బాలికల హైస్కూలు గేటు దగ్గర నాలుగు నెలల క్రితం దాన్ని నిలబెట్టారు. నిలువెత్తు ఇనుప స్తంభం, నడుం దగ్గర అడ్డంగా ఒక కడ్డీ, మొహం ఉండాల్సిన చోట అరచేయంత తెర. బొటనవేలు ఆనిస్తే పచ్చ లైటు వెలుగుతుంది, కడ్డీ తిరుగుతుంది, పిల్ల లోపల పడుతుంది. తడవకుండా దానికి రేకుల కప్పు వేశారు. ఎండ పడకుండా పక్కన పరదా కట్టారు. పొద్దున్నే ఆయా వచ్చి మెత్తటి గుడ్డతో మొహం తుడుస్తుంది. వరసలో నిలబడ్డ పిల్లలు మాత్రం ఎండకు ఎండుతారు, వానకు తడుస్తారు. ఈ మర్యాదలన్నీ చూసి వాళ్ళు దానికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టారు.

గంట ఎనిమిదీ నలభైకి. ఆ తర్వాత వచ్చిన పిల్లని అల్లుడుగారు కసరరు, కళ్ళెర్రజేయరు. తెర మీద మూడు గడులు చూపిస్తారు. ఆలస్యానికి కారణం: ఒకటి, ట్రాఫిక్. రెండు, అనారోగ్యం. మూడు, ఇతరములు. ఏదో ఒకటి నొక్కితే సరి. ఇంట్లోవాళ్ళ ఫోనుకు మెసేజ్ వెళ్తుంది: 'మీ అమ్మాయి నేడు ఆలస్యంగా హాజరైనది. క్రమశిక్షణపై శ్రద్ధ వహించగలరు.' పదోసారి ఆలస్యమైతే పేరు దానంతట అదే జాబితాలోంచి ఎగిరిపోతుంది. ఆఫీసులో టీసీ కూడా దానంతట అదే ప్రింటవుతుంది. ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూడాల్సిన ఇబ్బంది ఎక్కడా లేదు.

ఎంత సుఖం! దీని విలువ తెలియాలంటే, అంతకుముందు అక్కడ ఎలాంటి అరాచకం నడిచేదో మీకు చెప్పాలి.

స్కూలు పెట్టిన రోజు నుంచీ గేటు పక్కన ఒక చిన్న గది ఉంది. దానికి వీధివైపు ఒక తలుపు, ఆవరణవైపు ఒక తలుపు. లోపల ఒక బల్ల, బల్ల మీద బొద్దింకరంగు అట్ట వేసిన లావుపాటి రిజిస్టరు. లేట్‌బుక్. ఆలస్యంగా వచ్చిన పిల్ల వీధి తలుపులోంచి లోపలికొచ్చి, ఎందుకు ఆలస్యమైందో అందులో తన చేత్తో రాయాలి. బల్ల వెనక కూర్చున్న సిస్టర్ అది చదువుతుంది. నిజమనిపిస్తే పుస్తకం మూసి ఆవరణ తలుపు తీస్తుంది. అనిపించకపోతే రెండే రెండు మాటలు: "మళ్ళీ రాయి."

బెత్తం లేదు. గోడకుర్చీ లేదు. కానీ ఆ రెండు మాటలకు పిల్లలు, చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం కన్నా ఎక్కువ భయపడేవారు. ఫాదర్‌గారు ఒకసారి వింటే క్షమించేస్తారు. ఈవిడ నిజం వచ్చేదాకా రాయిస్తుంది!

ఆ పుస్తకం స్కూలుకు చేసిన నష్టం అంతా ఇంతా కాదు. మచ్చుకు కొన్ని చూడండి.

స్కూలు పెట్టిన నాలుగో ఏట, ఒక వానాకాలం ఉదయం పదకొండు మంది పిల్లలు ఒకరి కింద ఒకరు ఒకే మాట రాశారు: పడవ రాలేదు. అప్పట్లో గంట ఎనిమిదికి. వ్యవస్థాపకురాలైన మదర్ ఏం చెయ్యాలి? పదకొండు మందినీ నిలబెట్టి చీవాట్లు పెట్టాలా వద్దా? ఆవిడ వెళ్ళి గంటనే నలభై నిమిషాలు ఆలస్యం చేసింది! వంతెన కట్టి అరవై ఏళ్ళయింది. ఆ పడవ ఏ ఒడ్డున పుచ్చిపోయిందో కూడా ఎవరికీ తెలియదు. గంట మాత్రం నేటికీ ఎనిమిదీ నలభైకే. తక్కిన స్కూళ్ళలో ఒక పాఠం అయిపోయే వేళకు ఇక్కడి పిల్లలు ఇంకా జడ వేసుకుంటుంటారు.

ఇంకొకతె రాసింది: స్కర్టు ఆరలేదు. ఉన్నది ఒక్కటే మరి. అంతే, గేటు గదిలో ఒక బీరువా వెలిసింది, నిండా స్కర్టులు. ఎవరు తీసుకున్నారో రాసుకునే పద్ధతి కూడా పెట్టలేదు. ఇదేం నిర్వహణ?

మరొకతె: మెల్లిగా నడిచాను, ఏమీ తినలేదు. మర్నాటి నుంచి సిస్టర్ కుర్చీ కింద గుడ్డ కప్పిన రొట్టెల బుట్ట. దాంతో కడుపునిండా తిన్నవాళ్ళు కూడా ఆ రొట్టె కోసం ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. అప్పుడైనా బుట్ట ఎత్తెయ్యాలా? వేళకు వచ్చినవాళ్ళకూ పెట్టడం మొదలుపెట్టారు!

ఒక పిల్ల తల ఎత్తకుండా రాసింది: కడుపునొప్పి. ఆ వారమే గేటు గదికి ఆనుకుని ఇంకో చిన్న గది కట్టారు. నీళ్ళు, గుడ్డలు, ఒక మంచం. స్కూలు మొత్తం మీద లోపలివైపు గడియ ఉన్న గది అదొక్కటే.

ఇలా తొంభై ఆరేళ్ళు. ఫలితం? అక్కడ చదివిన ఆడవాళ్ళని మీరెక్కడైనా ఇట్టే పట్టేయొచ్చు. ఆఫీసులో పెద్దాయన ఒక ఆర్డరు చదివి, అందరూ తలలూపుతున్న వేళ, ఒక మూల నుంచి "అసలు కారణం చెప్పండి" అని గొంతు వినిపించిందా, ఆవిడ ఆ స్కూలే. ఎన్ని ఆఫీసుల పనులు ఆగిపోయాయో, ఎన్ని కుటుంబాల్లో మగవాళ్ళు అన్నం ముందు నీళ్ళు నమిలారో, ఎవరు లెక్క తేలుస్తారు?

స్కూలు శతాబ్ది సంచికలో ఇవేవీ లేవు. బుద్ధిమంతులు రాశారు దాన్ని. పన్నెండు పేజీల చరిత్ర: శంకుస్థాపన, ఏడుగురు బిషప్పులు, మూడు రకాల పాలరాయి. పిల్లలు కూడా ఉన్నారు. నాలుగో పేజీలో, బిషప్‌గారి భుజం వెనక, మసగ్గా.

ఆ సంచిక వేయించిందీ, అల్లుడుగారిని తెచ్చిందీ ఒక్కరే. పెద్దమేడమ్.

ఆవిడ గురించి చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆ కాన్వెంటులో నలభై మంది సిస్టర్లు ఉండేవారు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది స్కూలు వెనక తోటలో, ప్రార్థనకు నిలబెట్టినట్టే వరసలు తప్పకుండా నిద్రపోతున్నారు. మిగిలింది లేట్‌బుక్ దగ్గర కూర్చునే గేటు సిస్టర్ ఒక్కతే. ఎనభై ఒకటో ఏడు. నెత్తిన ముసుగు లేకుండా ఆ కుర్చీలో కూర్చున్న మొదటి హెడ్‌మిస్ట్రెస్ మన పెద్దమేడమ్. చేరిన రోజే ఒక తండ్రి వచ్చి మొహం మీదే అడిగాడు: "సిస్టర్లుంటే పిల్లలకి భయం ఉండేదండీ. మీరు మామూలు మనిషి కదా, క్రమశిక్షణ ఎలా మరి?"

ఆ మాట ఆవిడకి ముల్లులా దిగింది. ముసుగు కొనుక్కోలేదు కాబట్టి యంత్రం కొంది. అందులో తప్పేముంది?

పైగా ఆవిడకి లేట్‌బుక్‌తో పాత తగాదా ఒకటుంది. ఆవిడ చదివిందీ అక్కడే. ఏడో తరగతిలో ఒకే ఏడాది వాళ్ళ తాతగారిని నాలుగుసార్లు చంపింది. నాలుగోసారి గేటు సిస్టర్ పుస్తకం వెనక్కి తోసి, "పాపం, ఆయనకి విశ్రాంతి ఇవ్వు. మళ్ళీ రాయి" అంది. ఆరుసార్లు రాశాక గానీ 'నిద్ర లేవలేదు' అన్న నిజం బయటికి రాలేదు. ఆ అవమానం మరిచిపోగలదా ఎవరైనా?

యంత్రం వచ్చిన రోజు గేటు గదికి వీధివైపు తలుపుకు తాళం వేయించి, తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది. సిస్టర్‌ని లైబ్రరీకి సలహాదారుగా పంపింది. సిస్టర్ సరేనంది. మర్నాడు పొద్దున్న ఆవరణవైపు నుంచి వచ్చి యథాప్రకారం గేటు గదిలోనే కూర్చుంది, మూసిన పుస్తకం ముందు పెట్టుకుని.

"లైబ్రరీలో కూర్చోవచ్చు కదా సిస్టర్?"

"అక్కడ ఎవరూ ఆలస్యంగా రారు అమ్మాయ్. పొద్దు పోదు." సిస్టర్ దృష్టిలో పెద్దమేడమ్ ఇప్పటికీ అమ్మాయే. "ఇక్కడ కూడా ఎవరూ రావట్లేదేంటి? అందరూ బుద్ధిమంతులైపోయారా?"

"వస్తున్నారు. మెషీన్ చూసుకుంటుంది."

"ఏం రాస్తున్నారు?"

"రాయక్కర్లేదు. నొక్కితే చాలు."

"ఏం నొక్కుతున్నారు?"

పెద్దమేడమ్ ఫోనులో చూసి చెప్పింది. "ఇతరములు."

"అందరూనా?"

"దాదాపు అందరూ."

సిస్టర్ జపమాల సర్దుకుంది. "ఆశ్చర్యంగా ఉందే! పడవ రోజు తప్పితే ఈ పుస్తకంలో ఒకరి కారణం ఇంకొకరికి వచ్చినట్టు నేను చూళ్ళేదు."

పెద్దమేడమ్ నవ్వి వచ్చేసింది. పాతకాలం మనిషి, ఏం చెప్తాం?

ఇక అసలు విషయానికొస్తాను. పదో తరగతిలో ఒక పొడుగుపిల్ల ఉంది. స్నేహితులు 'నిచ్చెన' అంటారు. ఆఖరి బెంచీ. అల్లుడుగారి ఖాతాలో నిచ్చెనకు తొమ్మిది ఆలస్యాలు. తొమ్మిదీ ఇతరములే. మొదటి పీరియడ్ లెక్కలు, అది పెద్దమేడమ్‌దే. పాఠం మధ్యలో తలుపు దగ్గర నిచ్చెన నిలబడేది.

"నొక్కావా?" అనేది పెద్దమేడమ్, బోర్డు మీద నుంచి చెయ్యి తియ్యకుండా.

"నొక్కాను మేడమ్."

"కూర్చో."

చూశారా! ఎంత తక్కువ సమయంలో ఎంత సజావుగా తేలిపోయిందో! అదే పాతకాలమైతే ఆ పిల్ల గొంతు పెగల్చుకోవాలి, టీచరు సుద్దముక్క కింద పెట్టాలి, క్లాసంతా చెవులు రిక్కించాలి. తొమ్మిదిసార్లు!

ఆ రోజు సోమవారం. సమయపాలన పురస్కారం ఇచ్చే సంస్థ నుంచి ఇద్దరు పరిశీలకులు తొమ్మిదిన్నరకు వస్తామన్నారు. శతాబ్ది సంవత్సరంలో ఆ ఒక్క పురస్కారం దక్కితే చాలు, మామూలు మనిషి కూడా స్కూలు నడపగలదని ఊరంతటికీ తెలుస్తుంది. పెద్దమేడమ్ గంజి పెట్టిన బట్టలు కట్టుకుని, క్లాసుకు కూడా పోకుండా, ఆఫీసు కిటికీలోంచి గేటునే చూస్తూ కూర్చుంది.

తొమ్మిదింటికి నిచ్చెన వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చింది. బొటనవేలు పెట్టింది.

ఎర్ర లైటు.

స్కర్టుకు వేలు తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటే. పెద్దమేడమ్ వెనక ప్రింటరు దానంతట అదే కదిలి ఒక కాగితం కక్కింది. టీసీ. ఇంకో ఐదు నెలల్లో పబ్లిక్ పరీక్ష రాయాల్సిన పిల్ల, ఆ కాగితం ప్రకారం ఇక ఆ స్కూలు పిల్ల కాదు.

పెద్దమేడమ్‌కి ఎందుకో కంగారు పుట్టింది. కంపెనీ అతనికి ఫోన్ చేసింది.

"గేటు తెరుచుకోవట్లేదండీ."

"ఎన్ని లేట్లు మేడమ్?"

"పది."

"మరి కరెక్ట్‌గానే పనిచేస్తోంది కదా! కంప్లైంట్ ఏంటి మేడమ్?"

నిజమే కదా! కంప్లైంట్ ఏంటి? ఫోన్ పెట్టేసి ఆవిడ ఆలోచించింది. ఏమీ చెయ్యకపోతే సరిపోతుంది. పిల్ల ఇంటికి పోతుంది, జాబితాలో ఆలస్యాలు తగ్గుతాయి, పరిశీలకులు సంతోషిస్తారు. ఎవరూ ఎవరికీ ఏమీ అనలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఇంతకన్నా శుభ్రమైన ఏర్పాటు ఏ నాగరికతైనా కనిపెట్టిందా?

ఒక్కటే చిక్కు. నిచ్చెన ఇంటికి పోలేదు. కడ్డీకి అవతల, అల్లుడుగారి నీడ పడే చోట, అట్లాగే నిలబడింది. అరగంటలో కారు వస్తుంది. కారు దిగగానే పరిశీలకులకు మొట్టమొదట కనబడేది ఈ పిల్లే.

ఎలాగోలా నచ్చజెప్పి పంపించేద్దామని పెద్దమేడమ్ గేటుకు నడిచింది. నాలుగు నెలల్లో ఒక పిల్ల కోసం ఆవిడ అంతదూరం నడిచి రావడం అదే మొదలు.

"ఈ ఒక్కరోజుకి ఇంటికెళ్ళమ్మా. రేపు చూద్దాం."

"రేపు కూడా రానివ్వదు మేడమ్. ఏం రాసిందో చూడండి."

పెద్దమేడమ్ తెర మీదకు వంగింది. 'మీ వివరాలు లభ్యం కావు. సందర్శకులైతే ఆఫీసును సంప్రదించగలరు.'

అయిదేళ్ళుగా అదే గేటులోంచి నడిచిన పిల్ల. సందర్శకురాలు!

"అసలెందుకు..." అని మొదలుపెట్టింది పెద్దమేడమ్. అడగడం అలవాటు తప్పిన నోరు కదా, మాట సగంలో ఆగింది. "అసలెందుకు ఆలస్యమవుతోంది రోజూ?"

నిచ్చెన బిక్కమొహం వేసింది. "ఇతరములు మేడమ్."

గేటు గది కిటికీలోంచి దగ్గు వినిపించింది. ఊచల వెనక గేటు సిస్టర్ మొహం. "అలా నిలబడి అడిగితే ఎవరు చెప్తారు అమ్మాయ్? పోలీసులా ఉన్నావ్. తలుపు తియ్యి, పక్కన కూర్చుని అడుగు."

తాళంచెవి బ్యాగులోనే ఉంది. పెద్దమేడమ్ గేటు వైపు చూసింది, వీధి మలుపు వైపు చూసింది, గడియారం చూసుకుంది. తర్వాత కడ్డీ తోసుకుని బయటికి నడిచింది. బయటికి పోయేవాళ్ళని అల్లుడుగారు ఎప్పుడూ ఆపరు. వీధి తలుపు తాళం తీసి, ఆ గుమ్మం మీదే కూర్చుంది. గంజి బట్టలు కరకరలాడాయి. నిచ్చెన పక్కన చతికిలబడింది.

అప్పుడు వచ్చాయి మాటలు. రెండు వారాలుగా అమ్మకి ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ. ఇల్లు చేరేసరికి ఎనిమిదీ ముప్పై అయిదు. ఇంట్లో అమ్మమ్మ. అమ్మమ్మకి మతిమరుపు.

"ఒక్కర్తినీ వదిలేస్తే పొయ్యి వెలిగించేసి వీధిలోకి వెళ్ళిపోతుంది మేడమ్. ఎక్కడికే అంటే స్కూలుకి టైమైపోతోందంటుంది. అమ్మ వచ్చాకే నేను బయల్దేరాలి. పరుగెత్తినా ఇరవై నిమిషాలు."

"మరి మీ అమ్మ ఒక్క మాట చెప్పొచ్చు కదా నాకు?"

"చెప్పింది మేడమ్. మీ మెసేజ్ వచ్చినప్పుడల్లా జవాబు రాసింది. తొమ్మిదిసార్లు రాసింది. డ్యూటీ మార్పించుకోడానికి తిరుగుతున్నాను, కొంచెం ఓర్చుకోండి అని కూడా రాసింది."

"నాకు రాలేదే!"

"'ఈ నంబరుకు జవాబు పంపవద్దు' అని వచ్చింది మేడమ్. తొమ్మిదిసార్లూ."

పెద్దమేడమ్ చేతిలో టీసీ కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఎనిమిది మడతలు పెట్టింది. ఇక మడత పడక బ్యాగులో కుక్కేసింది.

"నీ పేరు నా రిజిస్టర్‌లో చేత్తో రాసుకుంటాను. లోపలికి పద."

"పేరు లేదంటోంది కదా మేడమ్?"

"అది లేదంటే నేను ఉందంటున్నాను."

లోపల సిస్టర్ పుస్తకం తెరిచి పెన్ను అందించింది. నిచ్చెన బల్ల మీదకు వంగి అయిదు లైన్లు రాసింది. సిస్టర్ కళ్ళజోడు సవరించుకుని చదివింది, ఆఖరి లైను రెండోసారి చదివింది, పుస్తకం మూసింది.

"రేపట్నించి అమ్మమ్మని కూడా తీసుకురావే. స్కూలుకే వస్తానంటోందిగా పాపం! ఇక్కడ కూర్చుంటుంది. నాకు కబుర్లకి మనిషి లేదు. మీ అమ్మ డ్యూటీ దిగి ఇటే వచ్చి తీసుకుపోతుంది."

చూశారా ఘోరం! గంట పోయింది, స్కర్టులు పోయాయి, రొట్టెలు పోయాయి, ఇప్పుడు అమ్మమ్మలు! తొంభై ఆరేళ్ళ రోగం నాలుగు నెలల మందుతో నయమవుతుందనుకోవడం మనదే పొరపాటు. అల్లుడుగారు ఇలాంటి పని కలలోనైనా చేస్తారా? ఆయనకి ఎవరి అమ్మమ్మతోనూ పనిలేదు. అదీ క్రమశిక్షణంటే!

నిచ్చెన సంచి భుజాన వేసుకుంది. పెద్దమేడమ్ కూడా లేచి బట్టలు దులుపుకుంది. సిస్టర్ ఆవరణ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెక్కడికి?"

"క్లాసుకి సిస్టర్. ఫస్ట్ పీరియడ్ నాదే."

"గంట కొట్టి అరగంట దాటింది. పిల్లలంతా నీ కోసం కూర్చున్నారు. రాసి వెళ్ళు."

పెద్దమేడమ్ నవ్వబోయింది. సిస్టర్ నవ్వలేదు. పుస్తకం మళ్ళీ తెరుచుకుంది. నిచ్చెన గోడవైపు తిరిగి నిలబడింది, పెద్దవాళ్ళ చీవాట్లు చూడకూడదన్న మర్యాదతో. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

పెద్దమేడమ్ రాసింది: సాంకేతిక లోపం వల్ల.

"లోపమేం లేదు, కరెక్ట్‌గానే పనిచేస్తోంది కదా! మళ్ళీ రాయి."

"మీకెలా తెలుసు సిస్టర్?"

"మొహం మీద ఉంది. రాయి."

పెద్దమేడమ్ రాసింది: శతాబ్ది ఉత్సవాల పనుల ఒత్తిడి వల్ల.

"ఉత్సవాలు వచ్చే నెల. ఈ పిల్ల రెండు వారాల్నించి ఈ గేటు దగ్గరే నిలబడుతోంది. మళ్ళీ రాయి."

వీధి మలుపులో కారు హారన్ వినిపించింది. పరిశీలకులు! పది నిమిషాలు ముందే వచ్చారు. కారు అల్లుడుగారి ముందు ఆగింది. ఇద్దరిలో ఒకాయన దిగి తెర మీద బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు. గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. హారన్ ఇంకోసారి మోగింది, ఈసారి గట్టిగా.

పెద్దమేడమ్ పెన్ను పట్టుకుని కూర్చుంది. మూడో లైను మొదట్లో సిరా చుక్క ఒకటి పడి మెల్లగా పెద్దదవుతోంది. ఏం రాయాలో ఆవిడకి తెలుసు. ఒక్క మాటే: అడగలేదు. తాతగారిని మళ్ళీ చంపడమే అంతకన్నా తేలిక.

సిస్టర్ ఆవరణ తలుపు తీసి నిచ్చెన వీపు మీద చిన్నగా తట్టింది.

"నువ్వు వెళ్ళమ్మా. ఈ అమ్మాయికి ఇంకాస్త టైమ్ పడుతుంది."